పాత దైవశాస్త్ర గ్రంథాల బేరం

విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లున్నాయి కదా, అక్కడ పోటీపరీక్షల గైడ్ల అడుగున క్రైస్తవ దైవశాస్త్ర గ్రంథం తగిలినా ఆశ్చర్యపోకండి. 1841లోనే క్రైస్తవ మిషనరీలు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దగ్గర్లోని బందరు చేరారు. తెలుగు క్రైస్తవ పుస్తకాలైతే అంతకు చాలాముందే, 1740లలో, మిషనరీ బెంజమిన్ షుల్జ్ పూనికతో జర్మనీలోని హాలేలో అచ్చయ్యాయి!

కొనేవారు ముందు ముఖపత్రం చూడాలి. అచ్చుకూటం పేరు, సంవత్సరం ఉండేది అక్కడే. అది చిరిగిపోతే ధర పడిపోతుంది. పాతదైనంత మాత్రాన విలువ రాదు. ఇంటింటా ఉండే బైబిలు కన్నా, పిల్లలు చదివి చింపేసిన పలచటి మతబోధ ప్రశ్నోత్తరి ప్రతే చాలాసార్లు అరుదైనది.

అమ్మేవారు మిషన్ బడి ముద్రనీ పాదిరిగారి సంతకాన్నీ గీకేయొద్దు, కొనేవారు వెతికేది వాటినే. గ్రంథాలయం ముద్ర ఉంటే మాత్రం, అది గ్రంథాలయం వాళ్లు తీసేసిన ప్రతేనా అని కొనేవారు నిలదీసి అడగాలి. చిరుగులకు సెలోటేపు అసలే వద్దు, దాని జిగురు మరక ఇక పోదు.