జారిన అద్దమును పట్టబోకుడు
(సంఘ సభలో గావించిన ప్రసంగ పాఠము)



బెంగుళూరు నగరమున నేడు లేచుచున్న భవనములలో కొన్నింటికి గోడలకంటె అద్దములే యెక్కువ. వానిని బిగించువారిలోను, పాతవి విప్పువారిలోను అనంతపురము, చిత్తూరు, పాలమూరు సీమలనుండి వచ్చిన మనవారు కలరు. అద్దముల వర్తకముచే జీవించు వారము గనుక వారి క్షేమమునుగూర్చి నాలుగు మాటలు చెప్పుట మా విధియని తలంచుచున్నాము.

గాజు చూపునకు తేలిక, మోతకు బరువు. చదరపు మీటరు పలక ప్రతి మిల్లీమీటరు మందమునకు 2.5 కిలోలు తూగును. 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందముగల పలక 30 కిలోలు. దీనిని ఒంటరిగా ఎత్తరాదు. పడుకోబెట్టి మోసినచో తన బరువుకే వంగి విరుగవచ్చును. అంచుమీద నిలువుగా మోయవలెను. గాలి విసరునపుడు పెద్ద పలక తెరచాప వంటిది. అట్టివేళ ఎత్తున పని ఆపవలెను.

పగిలిన అద్దమును విప్పునపుడు దానికి టేపు అతికించి, క్రింద జనము నడువకుండ త్రాడు కట్టవలెను. పై ముక్కలు ముందు, క్రిందివి పిదప తీయవలెను. క్రిందివి ముందు తీసినచో పైవి కత్తివలె మణికట్టుపై జారును. చేతులకు కోత తగులని తొడుగులు, కన్నులకు రక్షణ, కాళ్లకు గట్టి బూట్లు ఉండవలెను. టఫెన్డ్ అద్దము నడుమ దెబ్బకు ఓర్చినను అంచున తగిలిన చిన్న దెబ్బకే తునకలు కావచ్చును. నేలపై దింపునపుడు క్రింద చెక్కగాని రబ్బరుగాని ఉంచవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. చేతినుండి జారిన అద్దమును ఎన్నడును పట్టబోకుడు, ప్రక్కకు తొలగుడు. ఈ సంగతి పనివాడెరుగును. ఎరిగియు ఏల పట్టబోవును? పలక పగిలినచో కూలిలో కోత పడునను భయముచేత. ఈ భయమును తీర్చవలసినవారు వర్తకులు, మేస్త్రీలు. ప్రాణరక్షణకై విడిచిన పలకకు కూలి కోయబోమని పని మొదలిడకముందే అందరియెదుట చెప్పుదము. పగిలిన అద్దము నష్టపు పద్దున చేరును. తెగిన చేతిని ఏ పద్దున వ్రాయగలము?

హెచ్చరిక పలకలు కన్నడమునను ఆంగ్లమునను ఉండుట సరియే. వానితోపాటు పనివాడు చదువగల తెలుగునను ఉండవలెను. ఈ సూచనలను మన సంఘము తెలుగున అచ్చువేయించినచో ఆ వ్యయము మేము భరింతుము. ప్రతి దుకాణమునందును అంటింప ప్రార్థన.