రాయలవారి కుళ్ళాయి

శ్రోతలలో తిరుమల యాత్ర చేయనివారు అరుదు. ఆలయ మహాద్వారము దాటగనే ప్రతిమామండపమున శ్రీకృష్ణదేవరాయలును, దేవేరులు తిరుమలదేవి, చిన్నాదేవులును చేతులు జోడించి నిలిచియున్న రాగిప్రతిమలు కలవు. దర్శనపు వరుసలో సాగిపోవు భక్తుల మనస్సు గర్భగుడివైపే పరుగిడుచుండును గనుక ఈ ముగ్గురివంక తేరిపార చూచువారు తక్కువ. మేము పోయినప్పుడు వరుస కొంతసేపు నిలిచిపోయినది. ఇతరులకు అది విసుగైనను మాకు భాగ్యమే అయినది. మా ముందున్న బాలిక తండ్రిని అడిగినది:

"నాయనా, రాజుకు కిరీటం లేదే? ఆ పొడుగు టోపీ ఏంది?"

"అది కుళ్ళాయి లేమ్మా. పద, వరస కదలతా ఉండాది."

ఆ తండ్రి చెప్పినది నిజము. ఆ మాటయు, ఆ వస్తువును పారసీకమునకు చెందినవి. మహమ్మదీయ ప్రభువుల కొలువుల మీదుగా విజయనగరమునకు చేరినవి. వానితోపాటు కబాయి అను నిలువుటంగీయు వచ్చినది. 15వ శతాబ్దిలో శ్రీనాథుడు కన్నడ రాజసభకు పోయి, అచట కుళ్ళాయి పెట్టుకొనవలసివచ్చినందుకు నొచ్చుకొన్నట్లు ఆయన పేర ఒక చాటుపద్యము ప్రచారములో నున్నది. తెలుగు కవిసార్వభౌమునికి అది పరాయి వేషముగ తోచినదన్నమాట. నూరేండ్లు నిండకముందే అదే కుళ్ళాయితో చక్రవర్తి వేంకటేశ్వరుని ముంగిట నిలిచినాడు!

ఇందు మరియొక విశేషము కలదు. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు పేయస్, రాయలవారు బంగారు గులాబీల కుట్టుపనిగల తెల్లని వస్త్రములను, జరీ టోపీని ధరించియుండిరని వ్రాసినాడు. తిరుమల ప్రతిమలోనో, అంగీ లేదు. మేనిపై నగలు, నడుమున పంచె, అంతే. అంగీని విడిచిన రాజు టోపీని ఏల విడువలేదు? అంగీ కొలువుకూటపు ఉడుపు. దేవుని ఎదుట దానితో పనిలేదు. కుళ్ళాయి మాత్రము అప్పటికే పరాయిదను తలంపు పోయి, రాజు రూపములో భాగమైపోయియుండునని మా ఊహ. అచ్యుతరాయల కాలపు లేపాక్షి కప్పుచిత్రములలో విరూపణ్ణ, వీరణ్ణలును, వారి పరివారమును ఇట్టి పొడవు కుళ్ళాయిలతోనే కనబడుదురు. రాజ్యము పోయినను మాట పోలేదు. రాయలసీమలో నేటికిని కుళ్ళాయప్ప అను పేరుగలవారు ఎందరో కలరు. అనంతపురము జిల్లా గూగూడులో కుళ్ళాయిస్వామి పీరుకు మొహర్రము దినములలో హిందువులును, మహమ్మదీయులును కలిసి మ్రొక్కుదురు.

సంప్రదాయ వేషమనగా ఏది అను ప్రశ్న మనకు మాత్రమే వచ్చినది కాదు. హిమాలయముల నడుమ భూటాను అను చిన్న రాజ్యమున పురుషులు మోకాలివరకు వచ్చు 'ఘో' అను అంగీని, స్త్రీలు చీలమండలు తాకునట్లు చుట్టుకొను 'కిరా'ను ధరింతురు. ఆ నేతపని చూడ ముచ్చటగ నుండును. దానిని కాపాడుకొనవలెనను వారి కోరికను మేము తప్పుపట్టము. కాని 1989లో ఆ వేషమును ప్రజలందరిపై శాసనముగ విధించినప్పుడు, దక్షిణ భాగమున నేపాలీ మాటలాడువారికి అది తమది కాని బట్ట అయినది. పౌరసత్వపు తగవులకు ఇదియు తోడై, తరువాతి కొలది యేండ్లలో ఇంచుమించు లక్షమంది ఇల్లు వాకిలి విడిచి నేపాలులోని శరణార్థి శిబిరములకు చేరవలసివచ్చినది. ఒక అంగీ విషయమై ఇంత జరుగునా అని మనకు తోచవచ్చును. అంగీ ఎన్నడును ఒంటరిగ రాదు. ఎవరు మనవారు, ఎవరు కారు అను లెక్కను వెంటబెట్టుకొని వచ్చును.

తిరుమలలోను ఆర్జితసేవలకు వేషనియమము కలదు. పురుషులకు పంచె, ఉత్తరీయము. కానిచో పైజమా, కుర్తా. స్త్రీలకు చీర, లంగా ఓణీ. కానిచో ఓణీతో కూడిన చుడీదారు. నియమము ఉండవలసినదే. అయితే ఈ పట్టికను కొంచెము నిదానించి చదువుడు. పైజమా అను మాటయు కుళ్ళాయివలె పారసీకమే. చుడీదారు ఉత్తరదేశమునుండి దిగివచ్చినది. మా చిన్నతనమున చిత్తూరు సీమ పల్లెలలో చుడీదారు తొడిగిన ఆడపిల్ల వీధిలో పోవుచుండిన అరుగులమీది పెద్దలు మాటలాపి చూచెడివారు.

వరుసలో మా ముందు నిలిచి రాయలవారి టోపీనిగూర్చి అడిగిన ఆ బాలిక వేసికొన్నదియు చుడీదారే. ద్వారమువద్ద ఆమెను ఎవరును ఆపలేదు.