కాకినాడ మురుగుకాలువయు, పురస్వరాజ్యమును
(కాకినాడలో ఒక పఠనమందిరమున చేసిన ప్రసంగము)



 అభివృద్ధి యను మాట నేడు ప్రతివాని నోటను వినబడుచున్నది, గోడలమీద వ్రాయబడుచున్నది, శిలాఫలకములమీద చెక్కబడుచున్నది. మాట చౌకయైన కొలది దాని యర్థము ప్రియమగును. కావున ముందుగా అర్థమును నిశ్చయించుకొని పిదప ప్రసంగమునకు దిగుదము.

ఈ మందిరమునకు వచ్చు త్రోవలో మేమొక పాతయింటి గడపను చూచితిమి. అది వీధికంటె జానెడు పల్లమున నున్నది. ఆ యిల్లు కట్టిన పెద్దలు దానిని వీధికంటె రెండు మెట్లు ఎత్తుననే కట్టియుందురు. ఇల్లు క్రుంగలేదు, వీధి పెరిగినది. పాత తారును గీకి తీయకయే దానిపై మరల మరల క్రొత్త తారు పఱచుటచే వీధి పొరపొరగా లేచి గడపను మ్రింగినది. వాన వచ్చినపుడు వీధినీరు కాలువలోనికి గాక నట్టింటిలోనికి పోవును. రోడ్డు వేసినవారి లెక్కలో అది అభివృద్ధి. ఆ యింటి యిల్లాలి లెక్కలో అది కష్టము. ఈ రెండు లెక్కలలో ఏది నిజమైన లెక్క? నేటి మా ప్రసంగమంతయు ఈ ప్రశ్నకు సమాధానమే.

మన నగరము నిలిచిన చోటు సామాన్యమైనది కాదు. గోదావరి డెల్టా యంచున, సముద్రమట్టమునకు కొలదిపాటి యెత్తున, ఏటిమేటల నేలపై ఈ పురము వెలసినది. 2011 జనగణన నాటికి దీని పురపాలక సీమలో 3 లక్షల 12 వేలకు పైబడిన జనము కలరు. నడుమ ఉప్పుటేరు ప్రవహించుచు పురమును జగన్నాథపురమును వేఱుచేయుచున్నది. తూర్పున అఖాతము, దాని ముందట, గోదావరి యిసుకతో గడచిన రెండు శతాబ్దములలో పెరిగిన హోప్ దీవి, దక్షిణమున కోరంగి మడయడవులు. సుమారు 16 కిలోమీటర్ల పొడవున ఆ దీవి అడ్డుగా పండుకొని, కెరటముల వేగమును తాను భరించి, రేవులోని నీటిని నెమ్మదిగా నుంచుచున్నది. మడచెట్ల వేళ్ళు మట్టిని పట్టి, ఉప్పెన బలమును తగ్గించి, రొయ్యకును చేపకును పురిటిల్లగుచున్నవి. 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడిన ఈ సీమ విస్తీర్ణము 235 చదరపు కిలోమీటర్లకు పైమాట. రాజులు కట్టని కోటలు మనకు రెండు కలవు. వానికి కూలి యియ్యలేదు, సున్నము కొనలేదు; కనుకనే కాబోలు, వాని విలువ మనకు తెలియదు.

కడలికి కోపము వచ్చిన నేమగునో తెలిసికొనుటకు పరదేశముల చరిత్ర చదువ నక్కఱలేదు. మన ప్రక్కనున్న కోరంగియే చాలును. ఒకప్పుడు ఈ తీరమున రేవనిన కోరంగియే. ఓడలు కట్టుటకును, బాగుచేయుటకును పేరుగన్న ఊరు. బర్మాకు పోయిన తెలుగువారిని అచ్చటివారు కోరంగీలని పిలుచుటయే దాని ప్రసిద్ధికి సాక్ష్యము. 1789 డిసెంబరులో మూడు పెనుకెరటములు ఒకదాని వెనుక నొకటి దానిపై విఱుచుకొని పడెను. 1839 నవంబరులో మరల ఉప్పెన వచ్చెను. మిగిలిన దానిని ఏటిమేట పూడ్చివేసెను. కోరంగి పోయిన వైభవము కాకినాడకు సంక్రమించెను. అమెరికా అంతర్యుద్ధ కాలమున, 1861 మొదలు 1865 వఱకు, ప్రత్తి యెగుమతులతో మన రేవు పెరిగెను; 1866లో మ్యునిసిపాలిటీ యేర్పడెను. ఇట్లు మనది కోరంగి ఆస్తికి వారసత్వము పొందిన ఊరు. ఆస్తితోపాటు ఆ హెచ్చరికయు మనకు సంక్రమించినది. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి మన దక్షిణపు తీరమున తుఫాను దాటినపుడు గోదావరి సీమలో వేయిమందికి పైగా ప్రాణములు పోయినవి. ఆ రాత్రిని ఎఱిగినవారు ఈ సభలోనే కలరు. వారికి మేము చెప్పవలసినదేమియు లేదు.

ఇట్టి నేలకు ప్రాణము మురుగుకాలువ. ఎత్తున నున్న పట్టణములలో వాననీరు తన దారి తానే వెదకికొనును. మన ఊరిలో వాలు లేదు. నీటికి దారి మనము చూపవలెను. వీధికాలువ పెద్దకాలువలోనికి, పెద్దకాలువ ఉప్పుటేటిలోనికి, ఉప్పుటేరు కడలిలోనికి పోవలెను. కాని కడలి దినమునకు రెండుసారులు పోటుతో ఎదురువచ్చును. పోటువేళ కాలువకు నోరు మూతపడును, పాటువేళ తెఱచుకొనును. ఆశ్వయుజ కార్తికములలో వాయుగుండము పట్టి తూర్పుగాలి నీటిని తీరమునకు త్రోయునపుడు పాటువేళ సయితము నీరు పూర్తిగా తీయదు. అపుడు పైనుండి వాన, ఎదురుగా పోటు, నడుమ మనము. ఆ నాలుగు గడియలు నీరు నిలుచుటకు ఎచ్చటనో చోటుండవలెను. చెఱువైనను, పల్లపునేలయైనను, మడభూమియైనను ఆ చోటు కావచ్చును. చెఱువును పూడ్చి, పల్లమును ప్లాట్లు చేసి, కాలువలో పూడికను పేరుకొననిచ్చినచో ఆ నీరు మన యిండ్లలోనే నిలుచును. నీటికి పట్టాదారు పుస్తకము లేదు గాని తన పాతభూమిని అది మఱచిపోదు.

మడభూమిని పూడ్చుట యన్నచో మన ఊరిలో మాటమాత్రము కాదు. 2020లో దుమ్ములపేట చెంతనున్న మడనేలను పేదల యిండ్ల స్థలములకై మెఱక చేయుటకు పూనుకొనిరి. వివాదము న్యాయస్థానమునకును, జాతీయ హరిత న్యాయాధికరణమునకును ఎక్కినది. పేదవానికి ఇల్లు వలదనువాడు మనుష్యుడు కాడు. చెట్టు కావలెనా, పేదవాడు కావలెనా యని ప్రశ్నించుట మాత్రము సరియైన ప్రశ్న కాదు. మడ నఱికిన నేలలో ఉప్పెనకు మొదట ఎదురగువాడు ఆ పేదవాడే. ఆ నీటిలోని పీతను రొయ్యను పట్టి బ్రదుకువాడును వాడే. వానికి కోటగోడను పడగొట్టి ఆ గోతిలో ఇల్లు కట్టి యిచ్చుట దానమా? మంచి మెఱకనేల ధనవంతునికి, వఱదనేల దరిద్రునికి అను పంపకమును చట్టము వ్రాయలేదు. మన యుపేక్షయే వ్రాసినది. ఉత్తరమున ఉప్పాడ తీరమున కడలి ఏండ్ల తరబడి యిండ్లను, దారిని కోయుచుండుట మనము కన్నులార చూచినదే. రాళ్ళు పోసితిమి, ఇసుక నింపిన గొట్టములు పఱచితిమి; కెరటము వానిని సయితము చెదరగొట్టినది. పోయిన తీరమును కట్టుట కంటె ఉన్న మడను కాచుకొనుట సులభమనియు, చౌక యనియు తెలియుటకు ఇంతకు మించిన పాఠమేమున్నది?

మురుగు పోవుట యెంత ముఖ్యమో మంచినీరు వచ్చుటయు అంతే. సామర్లకోట వైపునుండి వచ్చు గోదావరి కాలువనీరే మనకు ఆధారము. వేసవిలో కాలువలు కట్టివేయు దినములకు ముందే చెఱువులు నింపుకొనని యేడు కుళాయి చెంత బిందెల వరుస పెరుగును. ఆ వరుసలో నిలుచువారు ఆడువారు. ప్రణాళికలు వ్రాయువారు ఆ వరుసలో నిలుచుట మేము చూడలేదు.

ఇక స్మార్టు నగరపు మాట. 2015 జూన్‌లో కేంద్రప్రభుత్వము ఆ పథకమును ఆరంభించెను. 2016 జనవరిలో మొదటి విడతగా ఎన్నుకొన్న 20 నగరములలో మన కాకినాడయు నొకటి. నగర మొక్కంటికి ఐదేండ్లలో 500 కోట్ల రూపాయల వఱకు కేంద్రసహాయమనియు, దానికి తగిన భాగము రాష్ట్రమును, స్థానికసంస్థయు వేసికొనవలెననియు నిర్ణయము. గడువు పలుమారులు పొడిగింపబడి 2025 మార్చి 31తో ఆ పథకము ముగిసినది. దీపములను, ఉద్యానములను, కెమేరాలను మేము నిందింపము. సాయంకాలమున ముదుసలి కూర్చుండుటకు బల్లయు, బిడ్డ ఆడుకొనుటకు పచ్చికయు వలదనువారెవరు? పింఛనుదారుల స్వర్గమని పేరుపడిన ఊరికి అవి తగినవే. కాని ఇంటికి రంగు వేయుటకు ముందు కప్పు కురియుచున్నదా యని చూచుట గృహస్థధర్మము.

అంతకంటె పెద్దమాట మఱియొకటి కలదు. ఆ ప్రణాళికను వ్రాసి పంపిన నాడు ఈ నగరమునకు ఎన్నికైన పాలకవర్గము లేదు. 2010లో పాత పాలకవర్గపు గడువు ముగియగా, తరువాతి యెన్నిక 2017 ఆగష్టులో గాని జరుగలేదు. ఏడేండ్లు అధికారుల పాలన! ఆ యెన్నికైన వర్గపు గడువు 2022లో తీరినది. 2024 కడచినను మఱియొక యెన్నిక రాలేదు. గ్రామముల విలీనమనియు, వ్యాజ్యములనియు, హద్దులనియు కారణములు వినబడినవి. కారణములు కలిగియుండవచ్చును. కాని శాసనసభకు ఎన్నిక ఏడేండ్లు ఆగినచో దేశము ఊరకుండునా? పురపాలక సభకు ఆగినచో మనమెట్లు ఊరకుంటిమి? 1992లో చేయబడి 1993లో అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ నగరపాలనకు రాజ్యాంగములో స్థానమిచ్చినది. ఐదేండ్లకొక యెన్నికను విధించినది. చట్టము తలుపు తెఱచినను, లోనికి నడచుటకు మనకు తీరిక లేకపోయినది.

అధికారులు చెడ్డవారని మేము అనుట లేదు. వారిలో సమర్థులు కలరు, రాత్రింబవళ్ళు కష్టించువారును కలరు. కాని అధికారి రెండేండ్లుండి బదిలీపై పోవును. కాలువ ఇచ్చటనే యుండును. వార్డు సభ్యుడు ఎంత అల్పుడైనను, వర్షమునాడు మోకాటిలోతు నీటిలో మన గుమ్మము దాటియే పోవలెను. ఆ మోకాటిలోతే బాధ్యత.

మురుగుకాలువ గూర్చి స్వరాజ్యమను పెద్దమాట వాడితిరే యని మీలో కొందఱు నవ్వవచ్చును. ఈ ఊరివారు మాత్రము నవ్వరాదు. 1923 డిసెంబరులో మౌలానా మహమ్మదాలీ అధ్యక్షతను కాంగ్రెసు మహాసభ జరిగినది ఇచ్చటనే. ఆ సందర్భమున ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున పదునాలుగేండ్ల బాలిక దుర్గాబాయి స్వచ్ఛందసేవికగా నిలిచెను. టిక్కెట్టు లేనివారిని లోనికి పంపరాదని ఆమెకు ఆజ్ఞ. జవాహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టు లేక రాగా ఆమె యాపెను. టిక్కెట్టు కొని తెచ్చిన పిదపనే పోనిచ్చెను. ఆయన ఆమె కర్తవ్యనిష్ఠను మెచ్చుకొనెను. ఆ నాటికి ఆ నెహ్రూయే అలహాబాదు మ్యునిసిపాలిటీ అధ్యక్షుడు. వల్లభభాయి పటేలు 1917లో అహమ్మదాబాదు మ్యునిసిపాలిటీలో సభ్యుడై, 1924 మొదలు 1928 వఱకు దానికి అధ్యక్షత వహించెను. చిత్తరంజనదాసు 1924లో కలకత్తా మేయరయ్యెను. సామ్రాజ్యముతో పోరాడిన వారికి మురుగుకాలువ అవమానముగ తోచలేదు. వీధిని ఏలుకొనలేని జాతి దేశమును ఏలుకొనలేదని వారెఱుగుదురు. ద్వారమున నిలిచిన ఆ బాలిక చూపినది అదే ధర్మము: పెద్దకును చిన్నకును నియమ మొక్కటే. కాలువమీద అంగడి మెట్లు కట్టుకొన్న ధనికునికిని, కాలువగట్టున గుడిసె వేసికొన్న దరిద్రునికిని నియమ మొక్కటి యైన నాడే మన నీరు కదలును.

కావున చేయవలసిన దేమి? గొప్ప పనులను మేము చెప్పబోము. వీధి వేయునపుడు పాతపొరను గీకిన పిదపనే క్రొత్తపొర వేయవలెనని పట్టుబట్టుడు. ఆశ్వయుజమునకు ముందే కాలువల పూడిక తీయవలెను. ఏ కాలువలో ఎన్ని బండ్ల పూడిక తీసిరో, దానికెంత వ్యయమైనదో ఆ వీధి గోడమీదనే వ్రాయుమని అడుగుడు. తీసిన బురదను గట్టుననే వదలినచో మొదటి వానకు మరల కాలువలోనికే చేరునని మఱువకుడు. ఇంటి చెత్తను కాలువలో వేయు చేయి మనదే. అచ్చట మనము ఎవరిని అడుగవలసిన పనిలేదు. మడచెట్టు ఒక్కటి కూలినను ఊరి గోడ యిటుక ఊడినట్లే యెంచుడు. మెఱకనేల పేదలకు చూపుమని కోరుడు. నడచువానికి కాలిబాట, ఎండకు చెట్టునీడ కోరుడు. మోటారు లేనివాడును పన్ను కట్టువాడే. అన్నిటికి మించి, ఎన్నికను గడువులో జరుపుమని కోరుడు. జరిగిన నాడు ఇంటిలో కూర్చుండకుడు.

ఈ పఠనమందిరమునకు మేమొక కోరిక విడిచి పోవుచున్నాము. ఇచ్చటి గోడకు ప్రపంచపటము కలదు, భారతదేశపటము కలదు. వాని ప్రక్కన ఈ వార్డు కాలువల పటమొకటి వ్రేలాడగట్టుడు. ఏ కాలువ ఎచ్చట మొదలై, ఎవరి యింటి ముందుగా పోయి, ఎచ్చట ఉప్పుటేటిలో కలియునో ప్రతి పౌరుడును వ్రేలు పెట్టి చూపగలుగవలెను. లండను నగరము ఎచ్చట నున్నదో మన పిల్లలకు తెలియును. తమ వీధి నీరు ఎచ్చటికి పోవునో తెలియదు. ఆ తెలివి కలిగిన నాడు అభివృద్ధిని ఒకరు మనకు ఇయ్యనక్కఱలేదు.

వాన మరల వచ్చును; పోటు మరల వచ్చును. మేము చూచిన ఆ గడప ఆ నాడు పొడిగా నుండెనా, తడిసెనా యనుటయే మన నగరపు మార్కుల పట్టిక. శిలాఫలకములమీది మాటలు గావు, ఆ యిల్లాలి లెక్కయే నిజమైన లెక్క.