ఒక పలక, ఒక చెయ్యి: బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్ నుంచి స్క్రీన్‌ని మార్చడం ఎలా?

మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం వైపు నుంచి యాప్‌లు చేయడం నేర్చుకుంటున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి స్వాగతం. ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే విషయం. నెట్ నుంచి తెచ్చిన డేటాని స్క్రీన్ మీద పెట్టేటప్పుడు యాప్ బిగుసుకుపోకుండా, తప్పు చూపించకుండా ఎలా చూసుకోవాలి? ఆండ్రాయిడ్, కోట్లిన్‌లో చెబుతాను. కోడ్ రాయని వాళ్లు కూడా వినొచ్చు, మీ ఫోన్‌లో యాప్ ఎందుకు ఆగిపోతుందో తెలుస్తుంది.

మిర్చి ధరలు చూపించే చిన్న యాప్ చేస్తున్నాం అనుకుందాం. మన పక్క రైతు గుంటూరు యార్డుకి సరుకు ఎత్తే ముందు తేజ ఎంతుంది, బాడిగ ఎంతుంది అని చూసుకోవాలి. పైన రకం పేరు, కింద ధర. యాప్ అంతే.

మార్కాపురం అంటే పలకలు కదా! మీ స్క్రీన్‌ని ఒక పలక అనుకోండి. దాని మీద బలపంతో రాసే చెయ్యి ఒక్కటే. దాని పేరు మెయిన్ థ్రెడ్. బొమ్మ గీసేది అదే, మీరు బటన్ నొక్కితే పలికేది కూడా అదే. మిగతా థ్రెడ్‌లన్నీ బయటికెళ్లి పని చేసుకొచ్చేవి.

మరి ఆ చెయ్యే ధర కనుక్కోవడానికి గుంటూరు వెళ్లిందనుకోండి. పలక దగ్గర ఎవరూ లేరు! ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. మనం నొక్కినదానికి 5 సెకన్లు జవాబు రాకపోతే, యాప్ స్పందించడం లేదని ఆండ్రాయిడ్ తేల్చేస్తుంది. దీన్నే ఏఎన్ఆర్ అంటారు. స్క్రీన్ సెకనుకి 60 సార్లు గీయాలంటే ఒక్కోసారికి 16 మిల్లీసెకన్లే టైం. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 3.0 నుంచి మెయిన్ థ్రెడ్ మీద నెట్ పని చేస్తే ఎక్సెప్షన్ వచ్చి యాప్ పడిపోతుంది. కానీ పెద్ద ఫైల్ చదవడం, పొడవాటి జేసాన్‌ని విడగొట్టడం లాంటివాటికి అలాంటి అడ్డు లేదు. అక్కడ మనమే జాగ్రత్త పడాలి.

సరే, ధర తేవడానికి ఇంకో థ్రెడ్‌ని పంపాం. అది వచ్చి నేరుగా పలక మీద రాయబోతే? స్క్రీన్‌ని తయారుచేసిన థ్రెడ్ తప్ప వేరే థ్రెడ్ దాన్ని ముట్టుకోకూడదని ఆండ్రాయిడ్ ఎర్రర్ ఇస్తుంది. ఎందుకీ రూల్? ఇద్దరు ఒకేసారి రాస్తే సగం ఒకరిది, సగం ఇంకొకరిది అవుతుంది. ప్రతి అక్షరానికీ తాళం వేసి తీస్తూ కూర్చుంటే పని నెమ్మదిస్తుంది, ఒకరి కోసం ఒకరు ఆగి ఇద్దరూ ఇరుక్కుపోయే ప్రమాదమూ ఉంది. అందుకే చెయ్యి ఒక్కటే. ఇంకో మాట, ఈ తప్పు ప్రతిసారీ దొరకదు. ఒక్కోసారి పని చేసినట్టే కనిపిస్తుంది. నా ఫోన్‌లో బాగానే ఉంది కదా అని వదిలేయకండి.

దారేమిటంటే, తెచ్చినవాడు చీటీ రాసి ఇవ్వాలి, చెయ్యి వరసలో ఒక్కో చీటీ తీసి రాస్తుంది. రన్ ఆన్ యూఐ థ్రెడ్, హ్యాండ్లర్ పోస్ట్, ఇవన్నీ ఆ చీటీలే. పాత ట్యుటోరియల్స్‌లో కనిపించే అసింక్ టాస్క్ ఆండ్రాయిడ్ 11తో పక్కకి పోయింది, కొత్తగా దాన్ని వాడొద్దు. ఇప్పుడు కొరూటీన్స్ వాడతాం. వ్యూమోడల్ స్కోప్‌లో లాంచ్ చేసి, ఆగే పనిని విత్ కాంటెక్స్ట్, డిస్పాచర్స్ డాట్ ఐఓ లోపల పెట్టండి. అది అయ్యాక కింది లైన్ మళ్లీ మెయిన్ థ్రెడ్ మీదే నడుస్తుంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు ప్రమాదం ఇక్కడే మొదలు.

రైతు తేజ నొక్కాడు. సిగ్నల్ బాగోలేదు, ధర రాలేదు. ఈలోపు బాడిగ నొక్కాడు. బాడిగ ధర ముందొచ్చి స్క్రీన్ మీద పడింది. తర్వాత తీరిగ్గా తేజ ధర వచ్చి దాని మీద కూర్చుంది. ఇప్పుడు పైన పేరు బాడిగ, కింద ధర తేజది! రెండూ మెయిన్ థ్రెడే రాసింది. రూల్ ఎక్కడా తప్పలేదు, ఎర్రర్ రాలేదు. యాప్ పడిపోతే కనీసం తెలుస్తుంది, మళ్లీ తెరుస్తాడు. ఇది తెలియదు. ఆ ధర నమ్మి లారీ మాట్లాడుకుంటాడు.

కాబట్టి మూడు పనులు చేయండి.

ఒకటి, కొత్త రకం నొక్కగానే పాత ధర చెరిపేసి "తెస్తున్నాం" అని చూపించండి.

రెండు, లాంచ్ ఇచ్చే జాబ్‌ని దాచుకుని, కొత్తది మొదలుపెట్టే ముందు పాతదాన్ని క్యాన్సిల్ చేయండి. అప్పుడు పాత జవాబు ఆలస్యంగా వచ్చినా విత్ కాంటెక్స్ట్ దాన్ని పారేస్తుంది, కింది లైన్ దాకా రానివ్వదు. ఫ్లో వాడేవాళ్లకి కలెక్ట్ లేటెస్ట్ ఈ పనే చేస్తుంది.

మూడు, ట్రై క్యాచ్‌లో అన్ని ఎక్సెప్షన్లనీ పట్టేసి "నెట్ లేదు" అని రాయకండి. క్యాన్సిల్ కూడా ఎక్సెప్షన్ రూపంలోనే వస్తుంది. క్యాన్సిలేషన్ ఎక్సెప్షన్ అయితే మళ్లీ త్రో చేయండి. లేకపోతే మీరు ఆపేసిన పాత పనే వచ్చి కొత్త ధర మీద ఎర్రర్ రాసిపోతుంది.

ఫోన్ అడ్డం తిప్పినా యాక్టివిటీ మళ్లీ పుడుతుంది, అంటే పాత పలక పోయి కొత్త పలక వస్తుంది. అందుకే ధరని వ్యూమోడల్‌లో ఉంచి, స్క్రీన్‌ని దాన్ని చూసి గీసుకోనివ్వండి.

టెస్ట్ చేయడానికి నల్లమల ఘాట్ రోడ్డు ఎక్కక్కర్లేదు. కోడ్‌లో తేజకి 8 సెకన్లు, బాడిగకి 1 సెకను డిలే పెట్టండి. తేజ నొక్కి, వెంటనే బాడిగ నొక్కి, 10 సెకన్లు ఆగి చూడండి. బాడిగ పేరు కింద బాడిగ ధరే ఉంటే ఈ పరీక్ష పాసయినట్టు.

మన అమ్మానాన్నలు, మామయ్యలు యాప్ ఆగిపోతే యాప్‌ని తిట్టరు. "నాకు ఈ ఫోను రాదులే" అని పక్కన పెట్టేస్తారు. తప్పు మనది, చిన్నబుచ్చుకునేది వాళ్లు. ఈ రాత్రికే మీ ప్రాజెక్ట్ తెరిచి ఆ డిలే పెట్టి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.