సర్పి వ్యాధియు, మూఁడు దినముల గడువును
(సంఘ వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



మన మహాసభలలో విద్యనుగూర్చియు, వివాహవ్యయములనుగూర్చియు ఏటేటఁ బ్రసంగములు జరుగుచున్నవి. నేఁడు నేను దేహారోగ్యమునుగూర్చి నాలుగు మాటలు మనవి చేయఁదలఁచితిని. నేను వైద్యుఁడను గాను. పిల్లలకు సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గొన్నవాఁడను. అయినను, నేను జెప్పఁదలఁచిన దానిలో ముఖ్యమైనది కాలమునకు సంబంధించిన సంగతి. కాలమెఱిఁగి పనిచేయుట యెల్లరకు నవసరము గదా.

మనవారు సర్పి యని పిలుచు వ్యాధిని జూడనివారు మీలోఁ గొందఱే యుందురు. నడుమునకో, ఱొమ్మునకో, నొసటికో యొక ప్రక్కను మొదట మంట పుట్టును. కొలఁది దినములకు నెఱ్ఱని మచ్చలును, వానిపై నీటిపొక్కులును గుత్తులు గుత్తులుగా లేచి ప్రాఁకును. ప్రాఁకుట యను నర్థముగల సృప్ ధాతువునుండి సర్పశబ్దము పుట్టినది. గ్రీకుభాషయందు నదే యర్థముగల ధాతువునుండి పాశ్చాత్యవైద్యుల 'హెర్పీస్' శబ్దము పుట్టినది. ఈ రెండు ధాతువులు నేకమూలములని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఈ వ్యాధికి వారు పెట్టిన పూర్తిపేరు 'హెర్పీస్ జోస్టర్'. జోస్టర్ అనఁగా నడికట్టు. పేరు పెట్టుటలో మనవారును వారును నొక్క త్రోవనే నడచిరి. చికిత్సకు బయలుదేఱుటలో మాత్రము మనము జాగుచేయుచున్నాము.

చిన్ననాఁడు మనకు ఆటలమ్మ పోసినప్పుడు దేహమునఁ జొచ్చిన వైరస్, పొక్కులు మాడిన తరువాతను మనలను విడిచిపోదు. వెన్నెముక ప్రక్కనుండు నరముల మొదళ్లలోను, తలలోని నరముల మొదళ్లలోను దాఁగి, పదుల యేండ్లు నిద్రించును. వయస్సు 50 దాఁటినప్పుడో, మఱియొక వ్యాధిచేతనో మందులచేతనో దేహమునందలి రక్షణశక్తి తగ్గినప్పుడో మేల్కాంచి, ఒక నరము వెంబడి చర్మమునకు వచ్చును. ఆ నరము దేహమున నొక ప్రక్కకే చెందినది గావున, పొక్కులు సాధారణముగా నడిమిగీఁత దాఁటవు. సర్పి చుట్టివచ్చి తలయుఁ దోఁకయుఁ గలిసినచోఁ బ్రాణము పోవునను భయము నిరాధారము.

ఎఱ్ఱమన్ను పూయించుటయు, మంత్రము వేయించుటయు మనవారి వాడుక. వారిని నేను బరిహసింపను. పొక్కులు ప్రాయికముగా రెండు మొదలు నాలుగు వారములలోఁ దమంతఁ దామే మాడిపోవును. ఆ కీర్తి మంత్రమునకు వచ్చును. కాని యా మంత్రము వేయించు దినములే మందు పనిచేయు దినములు. నష్టము అక్కడనున్నది.

ఆ మందు పేరు అసైక్లోవిర్. 1970 దశాబ్దమున బరోస్ వెల్కమ్ సంస్థలో హోవర్డ్ షేఫర్, గెర్ట్రూడ్ ఎలియన్ ప్రభృతులు దీనిని వెలువరించిరి. ఔషధపరిశోధనకుఁగాను 1988లో ఎలియన్, జార్జి హిచింగ్స్, జేమ్స్ బ్లాక్ అను మువ్వురకు నోబెల్ బహుమానము లభించినది. వీరిలో హిచింగ్స్ 1933లో హార్వర్డు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమందినవాఁడు. అప్పుడాతఁడు కృషిచేసిన ప్యూరిన్ పదార్థముల కొలత పద్ధతులు, ఫిస్కేయు, భీమవరమునఁ బుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారును చేయుచుండిన పరిశోధనకు సంబంధించినవి. అసైక్లోవిర్ కూడ నొక ప్యూరినునకుఁ బ్రతిరూపమే. ఈ మందు చరిత్రలో నొక తెలుఁగువాని యడుగుజాడ యున్నదని మనము సంతసింపవచ్చును.

ఇది పనిచేయు తీరు భస్మాసురుని కథవంటిది. వైరస్ చొరని కణములలో నీ మందు దాదాపు నిద్రాణమై యుండును. వైరస్ తన వృద్ధికై తయారుచేసికొన్న 'థైమిడిన్ కైనేజ్' అను పదార్థమే దీనిని మేల్కొలుపును. మేల్కొన్న మందు, వైరస్ గ్రుచ్చుకొను జన్యుహారములోఁ బూసవలెఁ జేరి, తరువాతి పూసకుఁ జోటీయదు. హారమక్కడనే తెగును. అసురుని చేయియే యసురుని తలపైఁ బడినది.

దీనినుండి తెలియవలసినదేమి? ఈ మందు పెరుఁగుచున్నదాని నాఁపును గాని, పెరిఁగి చేసిన చెఱుపును మాన్పదు. కావుననే పొక్కులు కనఁబడిన 72 గంటలలో నారంభింపవలెనని వైద్యులు చెప్పుదురు. ఆ గడువు మించినను, క్రొత్త పొక్కులు లేచుచున్నచో, కంటికిఁ బ్రమాదమున్నచో మందిత్తురు. పెద్దలకు సాధారణముగా 800 మిల్లీగ్రాముల మాత్ర దినమునకు 5 మాఱులు, 7 దినములు. వాలసైక్లోవిర్ అనునది కడుపునుండి రక్తమున కెక్కువగాఁ జేరును గాన 1000 మిల్లీగ్రాములు దినమునకు 3 మాఱులు చాలును. మూత్రపిండముల జబ్బుగలవారికి మోతాదు తగ్గింపవలెను. నీరు తగినంత త్రాగవలెను. కావున వైద్యుని యడుగక దుకాణమునఁ గొని మ్రింగరాదు.

మా పాఠశాలలోఁ బనిచేసిన యొక పండితునకు నొసట సర్పి లేచి ముక్కుకొనవఱకు వచ్చెను. ముక్కుకొనపైఁ బొక్కులు లేచుట కంటికి ముప్పు సూచించును. ఇంటివారు 12 దినములు మన్ను పూయించిరి. పొక్కులు మాడెను, ఒక కంటి చూపు పోయెను. అక్షరమే జీవనముగాఁ గలవాఁడు నేఁడు మనుమనిచేఁ జదివించుకొని వినుచున్నాఁడు.

ఇదే కుటుంబములోని మఱి రెండు వైరసులు పెదవులపైనను, గుహ్యావయవములందును బొక్కులు పుట్టించును. వానికిని మందిదియే, మోతాదు వేఱు. సిగ్గుచేత దాఁచుకొనువారును, వ్యాధిని శీలమునకు ముడిపెట్టి నిందించువారును జికిత్సకు సమానముగా నడ్డుపడుచున్నారు. మన యిండ్లలో నీ మాట వినఁబడకుండవలెను.

మందునకుఁ గల హద్దునుగూడఁ జెప్పుట ధర్మము. ఇది దాఁగిన వైరసును నిర్మూలింపదు. పొక్కులు మాడినపిదప నెలల తరబడి కొందఱను వేధించు నరముల నొప్పి రాదని హామీయీయదు. రాకమునుపే కాచుకొనుటకు 50 ఏండ్లు దాఁటినవారికి రెండు మోతాదుల టీకా యున్నది. 2023 నుండి మన దేశమునను దొరకుచున్నది. వెల యెక్కువయే, వైద్యుని సంప్రదించి నిర్ణయించుకొనుఁడు. ఆటలమ్మ పోయనివారికి సర్పిపొక్కుల నీటివలన నది సోఁకవచ్చును గాన, గర్భిణులను, పసిబిడ్డలను రోగికి దూరముగా నుంచుఁడు.

మన శాఖాసంఘములకు నా విన్నప మొక్కటి. గ్రామమునకొక యువకుఁడు, ముసలివారి దేహమున నొక ప్రక్క మంటయుఁ బొక్కులును గనఁబడినవని విన్ననాఁడే వారిని వైద్యునికడకుఁ గొనిపోవు బాధ్యత వహింపవలెను. పెద్దలు మన్ను పూయించుకొందుమన్నచో వాదింపక, మాత్ర మ్రింగించి పిదపఁ బూయించుఁడు.