తాటిచెట్టు క్రింద ఒక వాదము



ఇటీవల కోదాడ ప్రాంతమున ఒక పొలము గట్టుమీద, తాటిచెట్ల నీడను, ముగ్గురు మిత్రులు చేసిన వాదమును వినుట తటస్థించినది. ఒకరు సూర్యాపేటవారు, ఒకరు మిర్యాలగూడవారు. మూడవవాడు హైదరాబాదున ఉద్యోగము చేయుచు సెలవునకు వచ్చినవాడు. నగరమున గత పదేండ్లలో వెలసిన చిన్న బీరు శాలల సంగతి అతనికి బాగుగా తెలియును. అచ్చట ఉన్నచోటనే కాచి, పులియబెట్టి, ఉన్నచోటనే పోయుదురు. "అట్టి శాల నొకదానిని మన పొలములోనే పెట్టిన నేమి?" అని అతడు ప్రశ్నించెను.

మిర్యాలగూడ మిత్రుడు వెంటనే ఉత్సాహపడెను. అది సహజమే. 1967లో నాగార్జునసాగరము నీరు కాలువలకు వదలిన పిదప ఆ ప్రాంతమంతయు వరిమయమైనది. బియ్యపు మిల్లులకు ఆ ఊరు పేరుపొందినది. బీరున బార్లీతోపాటు బియ్యమును కలుపుట లోకమున ఉన్న ఆచారమే గనుక, "మాయొద్ద నూకలకు కొదువయా?" అని ఆయన అనెను.

కాని బీరునకు నూకలు మాత్రమే చాలవు. బార్లీని నానవేసి, మొలకెత్తించి, ఎండించిననే గాని దానిలోని పిండి చక్కెరగా మాఱదు. ఆ బార్లీ ఉత్తరదేశమునుండి రావలెను. చేదునిచ్చు హాప్సు పువ్వు శీతలదేశపు పంట. మన ఎండకు అది నిలువదు. ఇన్నిటిని లారీలమీద తెప్పించి మన పొలములో కాచినంత మాత్రమున అది మన పొలపు పానీయ మగునా? సూర్యాపేట పెద్దమనిషి ఇంతవఱకు మాటాడక, పైనున్న లొట్టిని చూపి, "శాల అదిగో నున్నది గదా" అనెను.

ఆ మాట హాస్యమునకు అన్నదే యైనను అందు శాస్త్రము కలదు. తాటి గెలలను కట్టి, మెల్లగా నొక్కి, కొనను కత్తితో పలుచగా చెక్కిన, అందుండి రసము చుక్కచుక్కగా లొట్టిలోనికి దిగును. ఆ రసమున నూటికి 10 మొదలు 14 పాళ్లవఱకు చక్కెర యుండును. దీనిని మొలకెత్తించుట లేదు, కాచుట లేదు. గాలిలోను, పాత లొట్టి లోపలి గోడను అంటియు నున్న ఈస్టు అను సూక్ష్మజీవులు, వానితోపాటు కొన్ని బాక్టీరియాలు, చుక్క పడినది మొదలు పనికి పూనుకొనును. కొన్ని గంటలలో సారాంశము నూటికి నాలుగైదు పాళ్లగును. అనగా ఇంచుమించు బీరుతో సమానమే. బెల్జియములో బ్రస్సెల్సు పరిసరముల లాంబిక్ అను బీరు నిట్లే గాలిలోని ఈస్టునకు వదలి పులియబెట్టుదురు. దానికై రసికులు దేశాంతరములనుండి వత్తురు. మన గట్టుమీద ఆ పనియే ఉదయము, సాయంకాలము జరుగుచుండగా మనకు వింతగా తోచదు.

రసికుల మాట వచ్చినది గనుక చెప్పెదను. ఆ ముగ్గురి వాదములో నాకు మిక్కిలి నచ్చినది రుచులను గూర్చిన భాగము. పోతుతాటి కల్లు వేఱు, పండుతాటి కల్లు వేఱు. చలికాలపు ఈతకల్లు తీపి మఱియొకటి. ఉదయము దింపినది మధ్యాహ్నమునకు ఘాటెక్కును, మఱునాటికి పులిసి పుల్లనగును. మోదుగాకు దొప్పలోగాని, తాటిరేకలోగాని త్రాగినదానికి గాజుగ్లాసులో త్రాగినదానికి భేదమున్నదని సూర్యాపేటవారు పట్టుపట్టిరి. ఇది కొంత మక్కువ వలన కలిగిన అభిప్రాయమని నా అనుమానము. అయినను చెట్టును బట్టి, పూటను బట్టి కల్లును గుర్తింపగల నాలుక ఒక విద్యయే.

ఆ విద్య నశించుటవలన వచ్చిన కీడు సామాన్యమైనది కాదు. పట్టణమున చెట్టు లేదు, త్రాగువారు మాత్రము వేలు. చెట్టు ఇయ్యలేని దానిని మందు ఇచ్చును. క్లోరల్ హైడ్రేటు, డైజిపాము, ఆల్ప్రాజోలాము మొదలగు నిద్రమందులను నీటిలో కలిపి కల్లని అమ్ముట తెలంగాణమున చిరకాలపు వ్యాధి. 2025 జూలైలో హైదరాబాదున కూకటిపల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు ఆసుపత్రుల పాలైరి, కొందఱు మరణించిరి. వారు కూలినాలి చేసికొను పేదలు. అసలు కల్లు రుచి ఎఱుగనివానికి కల్తీ రుచి తెలియుట ఎట్లు?

అందుచేత హైదరాబాదు మిత్రుడు తన ప్రశ్నను మార్చెను. బీరు మాట విడిచి, పొలములోనే తాటి, ఈత వనము పెంచి, శుభ్రమైన పాత్రలలో దింపి, అచ్చటనే పోసిన బాగుండదా యనెను. ఇది ఆలోచింపదగినదే. రసము పులియకుండ కాపాడు ఉపాయము కూడ కలదు. లొట్టి లోపల సున్నము పూసి, తెల్లవాఱకమునుపే దింపి, చల్లగా నుంచిన అది నీరా యగును, మత్తు కలుగదు. కల్లును తీవ్రముగా నిరసించిన గాంధీమహాత్ముడే ఈ నీరాను, తాటిబెల్లమును ప్రోత్సహించెను. తెలంగాణ ప్రభుత్వము 2023లో హైదరాబాదున హుస్సేనుసాగరపు ఒడ్డున నీరా కేంద్రము నొకటి తెఱచినది. అయితే నీరాను పల్లెనుండి పట్టణమునకు చేర్చుటకు మంచుపెట్టెలు, వాహనములు కావలెను. పొలములోనే త్రాగువానికి ఆ చిక్కు లేదు.

మిర్యాలగూడ మిత్రుని ఆక్షేపణ వేఱు. గట్టుమీది తాడు వరిమడికి నీడపట్టునని రైతులు కొట్టివేయుచున్నారు. నేడు నాటిన గింజ గీతకు వచ్చుటకు పదిపదునైదేండ్లకు తక్కువ పట్టదు. 2015లో ఆరంభమైన హరితహారమున గట్లపై ఈత, తాటి మొక్కలను నాటించిరి. అవి చేతికి వచ్చువఱకు ఉన్నవానిని నిలుపుకొనవలెను. ఇది సరియైన మాట.

ఈ వాదమంతయు వినుచు, కత్తి నూఱుకొనుచు గీతకార్మికుడు దూరమున కూర్చుండెను. అతని అభిప్రాయ మడుగుట మాకు ఆలస్యముగా తట్టినది. "వనం పెట్టుండ్రి, అయ్యా. చెట్లయితయి. ఎక్కేటోడేడి?" అని అతడు అనెను. తన కుమారులిద్దఱును చదువుకొని పట్టణము చేరిరట. అతడు వారిని తప్పుపట్టలేదు. మోకు జాఱినచో ఏమగునో అతనికి తెలియును. తన తోడివాడొకడు నడుము విఱిగి మంచము పట్టియున్నాడు. గౌడులు కొలుచు కాటమయ్య పేరిట 2024లో ప్రభుత్వము రక్షణకవచమను పట్టీలను పంచ నారంభించినది. తనకొకటి వచ్చినదనియు, మొదట చేతికి అడ్డుగా తోచినను ఇపుడు అలవాటైనదనియు చెప్పెను.

ఒక దొప్పకు ఎంత వెల పెట్టవలెనో ఆ ముగ్గురును ఇంకను తేల్చుకొనలేదు. పట్టణపు చిన్న బీరు గ్లాసునకిచ్చు రూకలలో సగమైన ఈ కల్లునకు ఇచ్చెదరా యని నేను అడిగితిని. హైదరాబాదు మిత్రుడు ఇచ్చెద ననెను. తక్కిన ఇద్దఱును నవ్వి ఊరకుండిరి. అంతలో ప్రొద్దు వాలినది. గీతకార్మికుడు పట్టీ నడుమునకు బిగించి, మోకు భుజమున వేసికొని సాయంకాలపు గీతకు లేచెను. అతడు చీకటి పడకమున్ను ఇంకను తొమ్మిది చెట్లు ఎక్కవలసియుండెను.