కాలువకు డబ్బెక్కడిది?

1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘాలకు 18 బాధ్యతలను పేర్కొన్నది. ఆదాయాన్ని మాత్రం రాష్ట్రాల దయకు వదిలింది. జీతాలు, వీధిదీపాల బిల్లులు పోగా కొత్త కాలువకు మిగిలేది స్వల్పం. పలుకుబడిలేని మన బస్తీల వంతు వచ్చేసరికి అదీ ఉండదు. కేరళ 1996లో ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకివ్వాలని నిర్ణయించింది. మన ప్రభుత్వాలకది అసాధ్యమా?

మనమూ ఖబరస్తాన్ ప్రహరీకి గ్రాంటు అడిగాం. తప్పులేదు. కాని పురపాలక బడ్జెట్‌లో మూలధన వ్యయం పద్దు ఏ వార్డుకెంతో ఎన్నడైనా అడిగామా? 3 లక్షలు, ఆపై జనాభాగల పట్టణాల్లో వార్డు కమిటీలుండాలని 243-ఎస్ అధికరణం చెబుతున్నది. వాటిలో మన స్త్రీలకూ చోటు కోరుదాం. ఆ పద్దు నకలును తెలుగులోనూ, ఉర్దూలోనూ అడుగుదాం.